ముప్పై రెండో చోటు

బేతంచెర్ల స్టేషను దాటినాక
ఎడమ పక్క మూడో షెడ్డు నాది.
పాలీసు మిషన్ల నీళ్లు తెల్లగా పారే కాలవ ఒడ్డున
నాపరాళ్ల మీద పేర్లు చెక్కుతాను.
అక్షరానికి పది రూపాయలు, ఒత్తుకు అయిదు.
చుక్కకు ఏమీ తీసుకోను.

మార్తమ్మ తెచ్చిన కాయితంలో
పైన ఒకే వరస: సలోమి, లెక్కల టీచరు.
కింద వాక్యం ఏదో ఉంటాది అనుకున్నా.
అంకెలుండాయి.
మూడు, చుక్క, ఒకటి, నాలుగు, ఒకటి, అయిదు...
"ఫోన్ నంబరా అమ్మా?" అన్నా.
నవ్వలేదు.
"అక్క రాసిపెట్టి పోయింది" అనింది.

సలోమి టీచరు నాకూ చెప్పింది,
నేను బడి మానేసిన ఏడో తరగతి దాకా.
ఒక దినం తలా ఒక పురికోస ముక్క ఇచ్చి
అందర్నీ ఎండలోకి తోలింది.
గాజు, సైకిలు రిమ్ము, ఎనుముల కుడితి తొట్టి,
హోటలు దస్తగిరి దోసె పెనం,
చుట్టూ కొలువు, అడ్డం కొలువు, భాగించు.
నలభై మందికి నలభై జవాబులు.
పెనం దగ్గర వేలు కాల్చుకున్నోనిదీ, నాదీ,
అందరివీ మూడు దాటి రొంతదూరం పోయి ఆగినాయి.
"ఇరవై రెండు బై ఏడు!" మొదటి బెంచీ మద్దిలేటి అరిచినాడు.
"అది అబద్ధంరా" అనింది టీచరు,
"పనికొచ్చే అబద్ధం."

రాయి కొలుస్తా ఉంటే
మార్తమ్మ స్టూలు మీద కూచోని చెప్పింది.
పడమటి దేశంలో లుడాల్ఫ్ అని ఒకాయన
బతుకులో సగం ఈ లెక్కకే పెట్టి
ముప్పై అయిదు అంకెలు పట్టినాడంట.
సమాధి మీద అవే చెక్కినారంట.
ఆ రాయి తర్వాత యాడికో పోయిందంట.
రాయి పోయింది అనేతలికి
నా చేతిలో టేపు ఆగింది.
"అంకెలు యాడికీ పోలేదులే" అనింది.

ఇంకొకాయన, ఇంగ్లీషు దేశపాయన,
ఏండ్ల తరబడి ఏడు వందల ఏడు లాగినాడు.
అయిదు వందల ఇరవై ఎనిమిదో కాడ కాలు జారింది.
ఆ పైనవన్నీ తప్పులే.
ఆయన పోయిన అరవై ఏండ్లకు గాని బయట పడలేదు.
ఉలి పట్టినోన్ని,
నాకు చెమట పట్టింది.

మన ఆర్యభటుడు మాత్రం
ఇరవై వేల అడ్డానికి
అరవై రెండు వేల ఎనిమిది వందల ముప్పై రెండు చుట్టు అని చెప్పి,
పక్కన ఒక్క మాట పెట్టినాడంట: ఆసన్నం.
అంటే దగ్గర్లో ఉండాది, అంతే.
ఆ మాట నాకు నచ్చింది.
నలభై ఏండ్లుగా రాళ్లకు గీతలు గీసినోన్ని,
సరిగ్గా అనే మాట నేను ఎవురికీ ఇయ్యలేదు.

వరసకు ఏడు అంకెలు, అయిదు వరసలు.
మూడూ చుక్కా విడిగా పైన.
ఒకటికి ఒక్క గీత. ఏడుకు రెండు.
ఎనిమిది నడుం కాడ రాయి పెచ్చు లేస్తాది,
ఊపిరి బిగబట్టి కొట్టల్ల.
ప్రతి అంకె కాయితంలో చూసి, రాయి మీద చూసి,
మళ్లా కాయితంలో చూసి.

నాలుగు వరసలు అయినాయి.
అప్పటిగ్గాని తట్టలేదు నాకు,
గుండ్రాల లెక్క ఇది,
ఇంతదూరం వచ్చినా ఒక్క గుండ్రం కూడా రాలేదే!
అయిదో వరస. ఏడు, తొమ్మిది, అయిదు,
నట్టనడుమ, ముప్పై రెండో చోట,
మొదటి సున్నా.

ఉలితో సున్నా కొట్టడం కష్టం.
మేకు గుచ్చి, దారం కట్టి,
దారం కొసకు సుద్దముక్క కట్టి తిప్పినా.
మార్తమ్మ లేసి వచ్చి వొంగి చూసింది.
మేకు ఉన్న చోట చిన్న గుంట మిగిలింది.
పూడ్చల్లనా అని అడిగినా.
వద్దు అనింది.

రెండు, ఎనిమిది, ఎనిమిది.
కింద జానెడు రాయి మిగిలింది.
అక్కడ పాలీసు పట్టలేదు,
గరుకుగానే ఇడిసినా.

ఆమె చీర కొంగు ముడి ఇప్పి నోట్లు లెక్కపెట్టింది.
"ఇంతేనా? ఇంకేమన్నా ఉండాదా?"
"ఇంకా ఉండాదంట గదమ్మా" అన్నా.

అప్పుడు నవ్వింది.